బ్రేకు మాస్టారి రెండో బండి

ఆ వీధిలో కారు నడపడం నేర్పే ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, కరెంటు బిల్లు మీద తప్ప అది ఎక్కడా కనిపించదు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారు. నేర్పే బండిలో మాస్టారి సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. అవి ఆపద వేళకని పెట్టినవి. ఈయన లెక్కలో మాత్రం వీధి చివర కుక్క లేచి ఒళ్లు విరుచుకున్నా ఆపదే. పాతికేళ్లుగా ఆయన కుడికాలికి తీరిక లేదు. బస్సెక్కితే బస్సు నేలను నొక్కుతుంది. సినిమాలో కారు లోయవైపు దూసుకుపోతుంటే ముందు సీటాయన వీపును నొక్కుతుంది.

కిందటేడు ఆయన రెండో బండి కొన్నాడు. చిన్నది, ఎర్రది. దానిమీద ఆయన భార్య ఆడవాళ్లకు నేర్పుతుంది. బండి ఇంటికొచ్చిన మర్నాడే బోర్డు మీద ‘స్కూల్’ అన్న మాట చెరిపించి ‘ఇన్‌స్టిట్యూట్’ అని రాయించాడు. ఒక మనిషి, ఒక బండి అయితే అది బతుకుతెరువు. రెండు బండ్లుంటే సంస్థ.

ఆ సంస్థకు గండం సొంత కూతురి రూపంలో వచ్చింది. ఇంటరు పూర్తి చేసిన ఆ పిల్లకు మంచి కాలేజీలో సీటొచ్చింది. చదవబోయేది తత్వశాస్త్రం. ఫీజు సంగతి విన్నాక మాస్టారు ఇల్లంతా కలియజూశాడు. అమ్మితే అంత డబ్బు వచ్చే వస్తువు ఇంట్లో లేదు, బయట ఉంది. ఎర్రగా, చిన్నగా.

“ఆ శాస్త్రం చదివినవాళ్లు ఏం చేస్తారే?” అన్నాడు.

“ఆలోచిస్తారు నాన్నా.”

“అది ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చుగా. ఫ్యాను కింద, ఊరికే!”

చదువు వెలుగు అని ఉపన్యాసాలు దంచేవాళ్లు ఆ వెలుగుకు బిల్లు ఎవరు కట్టాలో చెప్పరు. మాస్టారు అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. దానికి ఆయన్ని మొరటువాడనడం అన్యాయం. పైగా ఆయన దగ్గర వేరే మందు సిద్ధంగా ఉంది. ఆరు నెలల్లో అకౌంట్లు నేర్పే కోర్సు, ఆ వెంటనే ఏదో ఒక కొట్లో కుర్చీ.

“నా దగ్గర చూడు,” అన్నాడు. “వచ్చేటప్పుడు హారన్ ఎక్కడుందో తెలీదు. నెల తిరిగేసరికి లైసెన్సు జేబులో. చదువంటే అదీ! మీ కాలేజీవాళ్లు మూడేళ్లు కూర్చోబెట్టి, ఏమొచ్చిందయ్యా అంటే కాగితం చూపిస్తారు.”

“నీ దగ్గర నేర్చుకున్నవాళ్లంతా బండి నడుపుతున్నారా?”

“నడపక? నేర్చుకున్నది అటకెక్కిస్తారా?”

“అయితే మన వీధిలోనే అడుగుదాం. సగం మంది నడుపుతుంటే నోరు మూసుకుని అకౌంట్లలో చేరిపోతా. లేదంటే ఎర్ర బండి అమ్మాలి.”

వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది. “ఆ బండి తోలేది నేను. నన్ను అడిగే నాథుడే లేడేం?”

“నువ్వుండు!” అన్నారు తండ్రీ కూతుళ్లిద్దరూ ఒక్కసారే. ఆ ఇంట్లో వాళ్లిద్దరికీ పొత్తు కుదిరేది అక్కడే.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గెలవబోయేవాడి నడక నడిచాడు.

మొదటి మజిలీ మందుల షాపు. షాపాయన మాస్టారిని చూసి కుర్చీ జరిపాడు.

“లైసెన్సా? భేషుగ్గా పనికొస్తోంది మాస్టారూ! ఎక్కడ గుర్తింపు కార్డు అడిగినా అదే చూపిస్తా. ఫోటో కూడా బాగా పడింది.”

“బండి సంగతి అడుగుతున్నా.”

“బండా? ఈ ట్రాఫిక్కులోనా? నాకు పెళ్లాం పిల్లలు ఉన్నారండీ!”

కూతురు ఒక వేలు మడిచింది.

తర్వాత బ్యాంకు క్యాషియరు ఇల్లు. ఇక్కడ మాస్టారి ప్రాణం లేచొచ్చింది. గేటు లోపల నిజంగానే కారుంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది. క్యాషియరు పెళ్లికూతురి మేలిముసుగు తీసినట్టు ఆ గుడ్డ తీసి చూపించాడు. లోపల సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా చింపలేదు.

“ప్రతి ఆదివారం స్టార్టు చేస్తానండీ. కాసేపు కూర్చుంటాను. పాటలు వింటాను. కట్టేస్తాను.”

“రోడ్డెక్కించవా?”

క్యాషియరు గుడ్డ మళ్లీ కప్పేశాడు. “మీరు పక్కనుంటే ఎక్కిస్తా మాస్టారూ. నేర్చుకున్నన్నాళ్లూ నేను బ్రేకు వేద్దామనుకునేలోపే బండి ఆగిపోయేది. నా కాలు అంత చురుకైనదని మురిసిపోయా. లైసెన్సొచ్చాక ఒంటరిగా తీసుకెళ్తే తెలిసింది, ఆ కాలు మీదని! ఎదురింటి గోడ చూశారుగా? కొత్తగా కట్టించింది నేనే.”

మాస్టారి ముఖం మాడిపోయింది. పాతికేళ్లలో తను ప్రమాదం లేకుండా నేర్పానని గొప్పలు చెప్పుకున్నాడు. ప్రమాదాలన్నీ లైసెన్సు వచ్చేదాకా ఓపిగ్గా కాచుక్కూర్చున్నాయన్నమాట.

“ఈ మారు ప్లంబరు దగ్గరకు పోదాం,” అన్నాడు ఉక్రోషంగా. “వాడు వ్యాను తోలడం నా కళ్లతో చూశా.”

ప్లంబరు నిజంగానే తోలుతున్నాడు. వీళ్లని చూసి, సందులో మలుపు దగ్గర, రెండు చెత్తడబ్బాల మధ్య, వెనక్కి తోలి, వెంట్రుకవాసి తేడా లేకుండా వ్యాను ఆపాడు. మాస్టారి ఛాతీ ఉబ్బింది.

“చూశావా? ఎవరి శిష్యుడు!”

“మా మావయ్య శిష్యుణ్ని,” అన్నాడు ప్లంబరు దిగుతూ. “పదిహేనేళ్లకే లారీ తోలించాడు. మీ దగ్గరికి లైసెన్సు కోసమొచ్చా మాస్టారూ. అది చేతిలో లేకపోతే పోలీసులు బతకనివ్వరుగా.”

ఇంటిముఖం పట్టారు. దారిలో బట్టలు కుట్టే ఆవిడ మిషను మీంచి తలెత్తి పలకరించింది. ఆవిడ ఎర్ర బండిలో మాస్టారి భార్య దగ్గర నేర్చుకుంది. మాస్టారు అడక్కుండా వెళ్లిపోదామనుకున్నాడు గానీ కూతురు ఆగిపోయింది.

“నడుపుతున్నారా అత్తా?”

“ఏం నడుపుతాను? బండెక్కడిది?”

“మరి డబ్బు దండగ చేసుకున్నారే!” అన్నాడు మాస్టారు. ఫీజు పుచ్చుకున్న మనిషి అనకూడని మాట అది.

ఆవిడ దారం కొరికి పక్కన పెట్టింది. “దండగేంటి అన్నయ్యా? ఇదివరకు బస్సెక్కితే అదో డబ్బా, నేనో మూట. ఇప్పుడు డ్రైవరు వెనకాలే కూర్చుంటా. గేరెందుకు మార్చాడు, మలుపులో ఎందుకు తగ్గాడు, అన్నీ తెలుస్తుంటాయి. మొన్న ఒకడు పల్లంలో క్లచ్చి తొక్కిపెట్టి బస్సును దానంతట జారనిస్తుంటే ‘ఏం నాయనా, ఇంట్లో చెప్పొచ్చావా’ అని అడిగా. మా ఆయన కూడా ‘నీకేం తెలుసు’ అనడం మానేశాడు.”

“అయినా నడపడానికి కదమ్మా నేర్చుకునేది?”

“అని ఎవరన్నారు?” అంది ఆవిడ, మళ్లీ మిషను తొక్కుతూ.

ఇంటికొచ్చాక మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. పందెం పోయింది. కానీ రెండు గుక్కలు టీ దిగేసరికి కళ్లు మెరిశాయి.

“ఆగవే! నా దగ్గర నేర్చుకున్నవాడు నడపడం లేదు. నడిపేవాడు నా దగ్గర నేర్చుకోలేదు. అంటే స్కూళ్లన్నీ శుద్ధ దండగని తేలిందిగా? నావే ఇలా ఏడిస్తే నీ కాలేజీ ఇంకెలా ఏడుస్తుంది?”

గెలిచిన పందెమే తన గొంతు పట్టుకుంటుందని కూతురు ఊహించలేదు పాపం. కళ్లలో నీళ్లు తిరిగాయి.

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “సరే. దండగే అనుకుందాం. రేపట్నుంచి మూసేద్దామా?”

“ఏది?”

“మన ఇన్‌స్టిట్యూట్. దండగని మీరేగా అన్నారు. తెలిసి తెలిసి జనం దగ్గర డబ్బు గుంజడం పాపం కదూ?”

“మూసేస్తామేంటి! నీకు మతి పోయిందా? ఆ కుట్టుమిషనావిడ ఏమందో నీకు తెలీదు గానీ…” అని ఆగిపోయాడు.

“ఏమంది?”

మాస్టారు మళ్లీ టీ గ్లాసు అందుకున్నాడు. చెబితే కాలేజీకి ఒప్పుకున్నట్టే. చెప్పకపోతే పాతికేళ్లుగా ఊళ్లోవాళ్ల జేబులు కొట్టినట్టే. తన స్కూలు పరువు దక్కించుకోవాలంటే దాంతోపాటు కాలేజీ పరువు కూడా మొయ్యక తప్పని ఇరకాటం అది. ఆయన త్యాగం చేశాడని తర్వాత బంధువులు మెచ్చుకున్నారు గానీ, త్యాగం కాదు, గాడిద గుడ్డూ కాదు. తప్పించుకునే దారి లేదు, అంతే.

“మూడేళ్ల తర్వాత నన్నేమీ అడక్కూడదు,” అన్నాడు చివరికి. “ఉద్యోగం ఏదీ, డబ్బులేవీ అని నేనూ అడగను. ఒకసారి అడుగుతానేమో. రెండోసారి అడగను.”

ఎర్ర బండి ఆ వారమే వేరే ఊరివాళ్లు కొనుక్కుపోయారు. ఉన్న ఒక్క బండిలో పొద్దున ఆయన, సాయంత్రం ఆవిడ నేర్పుతున్నారు. బోర్డు జోలికి ఎవరూ వెళ్లలేదు.

కాలేజీ తెరిచిన మొదటి రోజు కూతురు ఇంటికొచ్చేసరికి మాస్టారు వాకిట్లోనే ఉన్నాడు.

“ఏం చెప్పారు?”

“ఎదురుగా బల్ల ఉందని మనకెలా తెలుసు అని అడిగారు నాన్నా.”

“మరి ఉందా?”

“గంటసేపు మాట్లాడుకున్నాం. తేలలేదు.”

మాస్టారు ఎర్ర బండి ఉండే ఖాళీ జాగా వైపు చూశాడు. ఒక కారు అమ్మి, ఆ డబ్బుతో బల్ల ఉందో లేదో తెలియని స్థితికి చేరుకున్నాం అనుకున్నాడు. ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు.

మర్నాడు భోజనాల దగ్గర అన్నం కలుపుతూ, ఎవరినీ చూడకుండా అన్నాడు: “కరెంటు పోయినప్పుడు మోకాలికి తగులుతుంది చూడు. అదే రుజువు. బల్ల ఉంది.”

కూతురు ముద్ద చేతిలోనే ఆపింది. “నొప్పి ఉందని రుజువు నాన్నా. బల్ల ఉందని కాదు. కలలో తగిలినా నొప్పి పుడుతుంది కదా?”

మాస్టారు కంచం కొంచెం పక్కకు జరిపాడు.

“ఉండవే,” అన్నాడు. “అంత తేలిగ్గా ఒప్పుకోను. ముందు ఆ కల సంగతి తేల్చు.”

“అన్నం చల్లారిపోతోంది,” అంది భార్య. వినేవాళ్లు లేరు.