గట్టు మీది గుంటగలగరాకు

కేన్సర్ మందుల కోర్సు అయిపోయిన కొన్నాళ్లకి నా తల మీద మళ్ళీ జుట్టు మొలిచింది. దాన్ని జుట్టు అనడం కూడా ఎక్కువే. కోడిపిల్ల ఒంటి మీది నూగులా ఉండేది. అద్దంలో కంటే అరచేత్తో తడిమితేనే బాగా తెలిసేది. నేను బళ్ళో టీచర్ని. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాక ఆ నూగుని తడుముకోవడం తప్ప వేరే పని లేకుండా పోయింది.

ధవళేశ్వరం దిగువన కాలవ పక్కనున్న మా ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. రోజూ సందెవేళ ప్రార్థన చేసేటప్పుడు అమ్మ నా తల మీద చెయ్యి పెడుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. బోడి తల మీద కూడా పెట్టింది. నన్ను చూసి చూపు తిప్పుకున్నవాళ్లున్నారు. చర్చిలో ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి నా ముసుగు కిందికి తొంగి చూసిన మహాతల్లులూ ఉన్నారు. అమ్మ చెయ్యి మాత్రం ఒక్కరోజు కూడా జంకలేదు. ఆ చెయ్యి లేకపోతే ఆ రోజుల్ని నేను తట్టుకునేదాన్ని కాదు.

తల చర్మం ఇంకా పసిబిడ్డ చర్మంలాంటిదే, ఘాటైనవేవీ రాయొద్దు, సువాసనలున్నవి అసలొద్దు అన్నారు డాక్టరు గారు. మెత్తటి హెయిర్ మాస్క్ ఏదైనా దొరుకుతుందేమోనని రాజమండ్రి వెళ్లాను. షాపులో అమ్మాయి నాకొక ఆకుపచ్చ డబ్బా ఇచ్చింది. "ఇది హెర్బలండి, ఏమీ అవదండి" అంది. ముందు వైపు తోట మొత్తం బొమ్మ వేశారు. వెనక్కి తిప్పితే చీమ తలకాయలంత అక్షరాల్లో సెంటూ, రంగూ, నిలవ ఉండటానికి వేసే మందులూ ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ వరసలో ఉన్న డబ్బాలన్నీ చదివాను. ఆ అమ్మాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చివరికి ఏ వాసనా లేని తెల్ల డబ్బా ఒకటి దొరికింది. కలబంద, కొబ్బరి నూనె, ఓట్స్, ఇంకో రెండు మూడు పేర్లు, అంతే.

ఇంటికొచ్చాక అమ్మ ఆ డబ్బాని అటూ ఇటూ తిప్పింది. అమ్మకి చదువు రాదు. "దీన్లో ఏం కలిపారో ఎవడికి తెలుసే? చేలో ఆకుండగా ఈ డబ్బాలెందుకు?" అంది.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది. అమ్మ ఒకప్పుడు కలుపు తీతకి కూలికి వెళ్ళేది. సాయంత్రం వస్తూ వస్తూ ఆడవాళ్లంతా గట్టు మీది గుంటగలగరాకు కోసి కొంగున కట్టుకునేవారు. అమ్మ జుట్టు ఇప్పటికీ నల్లగా ఉందంటే ఆ ఆకు పసరు వల్లేనని మా ఇంట్లో అందరి నమ్మకం, నాది కూడా. కలుపు తీతకి పిలిచేవాళ్లు లేక అమ్మ చేను ముఖం చూసి చాలా ఏళ్లయింది.

వానాకాలం సార్వా నాట్లు పూర్తయిన రోజులవి. అమ్మ పొద్దున్నే గట్టుకి వెళ్లి సంచీడు ఆకు తెచ్చింది. కుళాయి కింద కడిగి, రోట్లో నూరి, కాస్త పెరుగు కలిపింది. పసరుకి ఆవిడ చేతులు నల్లబడ్డాయి. నా తలకి పెట్టేముందు తన అరచేతిలో కొంచెం రుద్దుకుని కాసేపు కూర్చుంది. "చూశావా, ఏమీ లేదు" అంది. పొయ్యి మీది గిన్నెని మసిగుడ్డ లేకుండా దించే చేతులవి. కొడవలి పట్టీ పట్టీ కాయలు కాచిపోయాయి. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

మధ్యాహ్నానికల్లా తలంతా బొబ్బలు లేచాయి. చర్మం డాక్టరు గారు ఆయింట్‌మెంట్ రాసి, ఉత్త ఆకు ఇంత పని చెయ్యదే అన్నారు. ఆ మాట అమ్మని కుదురుగా ఉండనివ్వలేదు. రెండు మూడు రోజులాగి మళ్ళీ గట్టుకి వెళ్లింది. గట్టు పొడుగునా ఆకూ గడ్డీ పసుప్పచ్చగా మాడిపోయి ఉన్నాయట. చేను కౌలుకి చేస్తున్నాయన్ని అడిగితే, "గట్టుకి గడ్డి మందు కొట్టించాం గదమ్మా. నువ్వొచ్చినదానికి ముందు రోజే. ఇప్పుడు కలుపు తీసేవాళ్లెక్కడున్నారు?" అన్నాడట.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఇదంతా చెప్పింది. చేతిలో ఖాళీ సంచి ఉంది. "మేం తీసే కలుపుకి ఇప్పుడు మందు కొడుతున్నారంట. పనికే పిలవనిదాన్ని, నాకెవరు చెబుతారే?" అంది. నాకు కోపమొచ్చింది. అరుద్దామంటే ఎదురుగా అమ్మ తప్ప ఎవరూ లేరు.

బొబ్బలు మానాయి. నడినెత్తిన రూపాయి బిళ్ళంత మేర మాత్రం ఇంకా ఏమీ మొలవలేదు. అమ్మ తన అరచేతుల నలుపు పోవడానికి నిమ్మచెక్కతో, కొబ్బరి పీచుతో తోమి తోమి చర్మం రేపుకుంది. అప్పట్నుంచీ సందెవేళ ప్రార్థనలో ఆవిడ చెయ్యి నా కుర్చీ వీపు మీదే ఆగిపోతోంది.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ తెల్ల డబ్బా తీసి అమ్మ చేతికిచ్చాను. నేను పీట మీద కూర్చున్నాను.

"నువ్వే రాయమ్మా."

అమ్మ వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. వాసన చూసుకుంది. మళ్ళీ కడుక్కుంది. "ముందు దాని మీద రాసింది చదువు" అంది.

ఒక్కో పేరూ చదివాను. ప్రతిదానికీ "అది మంచిదేనా?" అని అడిగింది. మంచిదేనమ్మా అన్నాను. అన్నీ అయిపోయాయి. మూత తీసిన చప్పుడు వినపడింది. నేను తల వంచుకుని కూర్చున్నాను. వెనక అమ్మ ఊపిరి వినిపిస్తూనే ఉంది. చాలాసేపటికి డబ్బా నా భుజం మీదుగా వచ్చి ఒళ్ళో పడింది.

"నువ్వే రాసుకో తల్లీ. నా చేతుల్లో ఏముందో ఎక్కడా రాసి లేదు కదా."

సాయంత్రం ప్రార్థనలో అమ్మ చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది. నేను కళ్ళు మూసుకునే తల కొంచెం వెనక్కి వాల్చాను. చెయ్యి అక్కణ్ణించి తప్పుకుంది.