చిన్నత్త పెళ్లినాడు పీకిన ప్లగ్గు వైర్లు

ఆ రోజుల్లో డిప్లొమా చేతికొచ్చిన కుర్రాడికి లోకంలో తాను విప్పలేని బోల్టు ఉండదనిపించేది. అలా అనిపించినవాళ్లలో నాది ముందు వరుస. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పూర్తిచేసి, రాజమండ్రిలో ఓ చిన్న కంపెనీలో ట్రైనీగా అప్పుడే చేరాను. ధవళేశ్వరంలో మా వీధివాళ్లు మాత్రం అప్పటికే నన్ను ‘ఇంజనీరు గారు’ అనేవారు. (కంపెనీలో నా పని స్టోరులో బేరింగుల డబ్బాల మీద దుమ్ము తుడవడం. ఆ సంగతి వీధిలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

మా నాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా. ఆయనకో పాత పెట్రోలు కారుండేది. నాకంటే వయసులో పెద్దది, ఇంట్లో గౌరవం కూడా నాకంటే దానికే ఎక్కువ. ఆ ఏడాది దానికి ఓ జబ్బు పట్టుకుంది. స్టార్టు చేస్తే వణికేది, గేరు మార్చబోతే దగ్గేది. ప్లగ్గులూ వాటి వైర్లూ పాతబడిపోయాయని మెకానిక్ చెబితే, నాన్న కొత్త సెట్టు కొని డిక్కీలో పెట్టుకుని, మార్పించడం మర్చిపోయి తిరుగుతున్నారు. అది ఆయనకు గుర్తొచ్చింది సరిగ్గా మా చిన్నత్త పెళ్లిరోజు పొద్దున.

చిన్నత్త నాన్నకు ఆఖరి చెల్లెలు, పెద్దాసుపత్రిలో నర్సు. పెళ్లి వద్దు వద్దంటూ నలభై దగ్గరికొచ్చి, చివరికి ఓ లెక్కల మాస్టారికి సరేనంది. సరేనంది గానీ మనసు పూర్తిగా కుదుటపడలేదు. ముందురోజు సాయంత్రం పూలు కడుతూ మా అమ్మతో అంటోంది: “మంచి మనిషేనంటావా వదినా? కలిసినప్పుడల్లా ఎండల గురించే మాట్లాడాడు.” అమ్మ నవ్వేసి, “మీ అన్నయ్య వానల గురించి మాట్లాడారు, బతకట్లేదా నేను?” అంది. నాన్నకు ఇవేం పట్టలేదు. తన చెల్లెల్ని తన కారులోనే చర్చికి తీసుకెళ్లి అప్పగించాలి. ఏళ్ల తరబడి దాచుకున్న కోరిక అది.

కారు వణుకు విని నాన్న నా వైపు తిరిగారు. “ఏరా ఇంజనీరూ, గంటలో మార్చేయగలవా?”

“గంటెందుకు నాన్నా? మీరు టిఫిన్ చేసి వచ్చేలోపు అయిపోతుంది.”

బానెట్ ఎత్తి, ముల్లంగి దుంపలు పీకినట్టు నాలుగు వైర్లూ ఒకేసారి పీకేశాను. ప్లగ్గులు విప్పి, వాటికి పట్టిన మసి గోడవతలి పిన్నిగారికి కూడా చూపించాను. (ఆవిడ “అమ్మో” అని మర్యాదకి అన్నారు. నేను ప్రశంస అనుకున్నాను.) కొత్త ప్లగ్గులు చక్కగా బిగిశాయి. ఇక మిగిలింది వైర్లు తగిలించడం. డిస్ట్రిబ్యూటర్ మూత మీద నాలుగు కన్నాలు, నాలుగూ కవల పిల్లల్లా ఒకేలా ఉన్నాయి. ఏ కన్నం నుంచి ఏ ప్లగ్గుకి నిప్పురవ్వ వెళ్లాలో ఓ వరస ఉంటుంది. వరస తప్పితే ఇంజను తిరగబడుతుంది. ఆ వరస నాకు కంఠతా వచ్చు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఒకటో కన్నం ఏదో మాత్రం పుస్తకంలో లేదు.

“ఏమైందిరా?” అంది అమ్మ.

“ఏం లేదమ్మా, ఆలోచిస్తున్నాను.”

“పీకేశాక ఆలోచిస్తున్నావా?”

తోచినట్టు తగిలించి తాళం తిప్పాను. ఢామ్మని పేలింది. కాలవగట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. ఇంకోలా తగిలిస్తే పొగ వెనక నుంచి కాకుండా ముందు నుంచి వచ్చింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఇంటిల్లిపాదితో ద్రాక్షారామం గుళ్లో ఉన్నానన్నాడు, ఆ తర్వాత వెనకాల గంటలు మోగుతుంటే నా మాట అతనికీ, అతని మాట నాకూ వినపడలేదు. నాన్న సూటు వేసుకుని, టై కట్టుకుని, బానెట్ పక్కనే నిలబడిపోయారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

చర్చిలో అనుకున్న వేళ దాటింది. చిన్నత్త తెల్లచీరలో, తలమీద ముసుగుతో వరండాలోకి వచ్చి కూర్చుంది. అప్పుడు గేటు ముందు ఓ స్కూటర్ ఆగింది. దిగింది పెళ్లికొడుకు. పెళ్లికూతుర్ని ముందే చూడకూడదని అమ్మ కొంగు అడ్డం పెట్టబోయింది గానీ ఆలస్యమైపోయింది.

“చర్చిలో పాస్టరయ్యగారు కంగారుపడుతున్నారండి,” అన్నాడాయన నాన్నతో. తర్వాత నేలచూపులు చూస్తూ, “నేను కూడానండి. ఆవిడ మనసు మార్చుకున్నారేమో అని,” అన్నాడు.

చిన్నత్తే అంది: “మనసు కాదండి, వైర్లు మారిపోయాయి.”

“ఆటో పిలవమంటారా?”

చిన్నత్త నాన్న ముఖం వంక చూసింది. “మా అన్నయ్య కారులోనే వస్తానండి,” అంది మెల్లగా.

ఆయన కూడా నాన్న వంక ఒకసారి చూసి, “ఆయ్, అలాగేనండి,” అని కోటు విప్పి అమ్మ చేతికిచ్చాడు. చొక్కా చేతులు మడిచి నా పక్కకొచ్చి, “నాకు కార్ల గురించి ఏమీ తెలీదు బాబూ. వరసలు మార్చి చూడటమంటే మాత్రం లెక్కల క్లాసులో రోజూ చేసే పనే,” అన్నాడు. చూసినవి మళ్లీ చూడకుండా పద్ధతిగా మారుస్తూ వెళ్దామన్నాడు. (నేను అప్పటికి మూడుసార్లు పెట్టిన వరసే మళ్లీ పెట్టానని అప్పుడు తెలిసింది.) తాళం తిప్పడానికి మనిషి కావాలంటే చిన్నత్త ముసుగు వెనక్కి తోసుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఇంజను ఖళ్లుమంది.

“ఇది కోరింత దగ్గండి,” అంది లోపల్నుంచి.

ఆయన వైర్లు మార్చాడు. ఇంజను గురగురమని ఆగిపోయింది.

“ఇది ఉబ్బసం.”

ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాం. మళ్లీ మార్చాడు. “ఇప్పుడేంటండి?”

“ఎక్కిళ్లు. దగ్గరకొచ్చారు.”

ఆ తర్వాతి దానికి ఇంజను ఒక్కసారి ఒళ్లు విరుచుకుని, నింపాదిగా, సమంగా మోగడం మొదలుపెట్టింది. చిన్నత్త తాళం మీద చెయ్యి తీయకుండా కాసేపు విన్నది. “ఊపిరి బాగా ఆడుతోంది,” అంది. నాన్న కళ్లు తుడుచుకుని పొగ అన్నారు. అప్పటికి పొగేం లేదు.

తాను స్కూటర్ మీద ముందు వెళ్తానన్నాడాయన. “ఎక్కండి, దారిలో ఆగితే ఎవరు దిగుతారు?” అంది చిన్నత్త. అలా పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఒకే కారులోంచి చర్చి ముందు దిగారు. వాళ్ల వెనక స్కూటర్ మీద నేను, ముక్కు మీద మసితో. అయ్యగారు కళ్లజోడు సర్దుకుని చూశారు. ఉంగరం తొడగాల్సిన వేళకి మాస్టారి వేళ్లు నల్లగా ఉన్నాయి. ఆయన సిగ్గుపడి చెయ్యి వెనక్కి లాక్కోబోతే చిన్నత్త పట్టుకుని, సభ మొత్తం చూస్తుండగా తన తెల్ల ముసుగు అంచుతో ఒక్కో వేలూ ఓపిగ్గా తుడిచింది, పుండుకి కట్టు కట్టేముందు తుడిచినట్టు. తుడవడం పూర్తయ్యేదాకా అయ్యగారు బైబిల్లో తర్వాతి పేజీ వెతుకుతున్నట్టు నటించారు.

మొన్న నా కారు సర్వీసింగుకిచ్చి, అద్దాల గదిలో కాఫీ తాగుతూ కూర్చున్నాను. బానెట్ ఎత్తితే పైనంతా ప్లాస్టిక్ మూత. వైర్లేవని అడిగాను. “ఈ మోడల్‌కి ఉండవు సార్, ఏ ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ దాని మీదే ఉంటుంది. కలిసిపోయే పనే లేదు,” అన్నాడు మెకానిక్. మంచిదేగానీ ఎందుకో కాస్త దిగులేసింది. తిరిగొస్తూ ఆనకట్ట మీద ఆ పెళ్లిరోజు పొద్దుటి కుర్రాణ్ణి తలుచుకున్నాను, పానా పట్టుకుని లోకం తన చేతిలో ఉందన్నట్టు నిలబడ్డవాణ్ణి. వెనకనుంచి వెళ్లి భుజం తట్టి, “ఒక్కొక్కటీ తియ్యరా,” అని చెప్పొచ్చు కదా అనిపించింది. చెబితే చిన్నత్త వేళకే చర్చికి చేరేది. ఎండల గురించి మాట్లాడే మనిషి పక్కన, ఇంకా మనసు కుదుటపడకుండానే నిలబడేది. వద్దులే. పీక్కోరా నాయనా, నాలుగూ ఒకేసారి పీక్కో.