నరకని కానుగలు

ఈ సంగతి ముందే రాయలేకపోయాను. అరవై దాటాక, మహిళా సంఘం గదిలో సాయంత్రాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా, మా ఆయన బతికి ఉన్నన్నాళ్ళు దీన్ని రాయడానికి చెయ్యి రాలేదు.

ఆయన కోలారు బంగారు గనిలో మనుషుల్ని కిందికి దించి పైకి లాగే ఇంజను నడిపేవాడు. గనులు మూసేశాక ముళబాగిలు దగ్గర మా పుట్టింటి ఊరికి వచ్చేశాం. అక్కడ నాకు ఎకరం రాగి చేను, గట్ల మీద తొమ్మిది కానుగ చెట్లు ఉన్నాయి. చేని పని ఆయనకు చేతకాలేదు. పగలంతా అరుగు మీద కూర్చుని, రోడ్డు మీద లారీ పోతే చప్పుడు విని దాని ఇంజనుకు ఏం జబ్బో చెప్పేవాడు. వినేదాన్ని నేనొక్కదాన్నే.

ఒక ఎండాకాలం ఆఫీసర్లు వచ్చి బడి వరండాలో మీటింగు పెట్టారు. కానుగ గింజల నూనెతో డీజిల్ చేస్తారట, తాలూకా బస్సులు దాంతోనే నడుస్తాయట. గింజలు చాలేటట్టుంటే నూనె తీసే మిషను మా ఊళ్ళోనే పెడతామన్నారు. నడపడానికి ఇంజను తెలిసిన మనిషి కావాలన్నారు. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"మీ చేన్లో కానుగ చెట్లెన్ని ఉండాయమ్మా?" అని ఒక ఆఫీసరు నన్ను అడిగాడు.

"తొమ్మిది ఉండాయప్పా."

అందరూ అలాగే లెక్క చెప్పి వేలిముద్రలు వేశారు. కాయలు కాస్తాయా అని ఎవరూ అడగలేదు. తొలకరికి ముందు కానుగ కొమ్మలు నరికి, ఆకు రాగి చేనులో వేసి దున్నడం మాకు ఏటేటా ఉన్న పనే. అలా నరికే చెట్టుకు కాయ నిలవదు.

నా పక్కనున్న ఆమె గొణిగింది. "బంగారం తవ్వి మనకేమీ తేలేదు నీ మొగుడు. ఇంగ కాయల్లేని చెట్లతో బస్సు నడిపిస్తాడంట."

ఆమె చెయ్యి గిల్లి ఊరుకోమన్నాను. అన్నేళ్ళ తర్వాత ఆయన నిటారుగా నిలబడి ఉన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన మా చెట్ల మీద కొడవలి పెట్టనివ్వలేదు. ఆకు లేక రెండేళ్ళు మా రాగి పీలగా వచ్చింది. మూడో ఏడు మిషను వచ్చింది. మా చెట్ల గింజలు మూడు మూటలయ్యాయి. కొమ్మలు నరకడం మానని ఊరివాళ్ళు ఒడిలో పోసుకుని తెచ్చినవి ఒక మూట కూడా కాలేదు. పక్క ఊళ్ళలోనూ అంతే. మిషను ఆయన చేతిలో నాలుగు రోజులు ఆడి, గింజల్లేక ఆగిపోయింది. తర్వాత కూడా ఆయన రోజూ పోయి గుడ్డతో తుడిచి వచ్చేవాడు. వానలకు ముందు లారీ వచ్చి దాన్ని ఎక్కించుకుపోయింది.

ఆ సాయంత్రం ముద్ద పెడితే ఆయన ముట్టలేదు.

"గింజలు చాలవని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"మరి ఆ పొద్దు చెప్పకపోతివే."

"నువ్వు లేచి నిలబడినావు."

 ఆయన బతికినన్నాళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మరునాడు తెల్లవారగానే కొడవలి తీసుకుని చేనికి పోయాను. తొమ్మిది చెట్లూ ఎక్కి కొమ్మలు నరికాను. వాటికి పచ్చికాయలు గుత్తులుగా ఉన్నాయి. వాటిని ఏరలేదు. ఆకుతో పాటే చేనంతా పరిచాను.