విశ్వాసమ్మ నాలుగు చేతులు

“...గీస్తే రెండు గీయాల గానీ నాలుగు చేతులు ఏంటికి పెడితివి సుందరప్పా? గుళ్లో అమ్మవారు అనుకుంటివా నా పెండ్లాన్ని?”

“అమ్మవారు కాదు ఏసేపన్నా. అవి కదిలే చేతులు.”

“కదిలితే మాత్రం రెండు నాలుగైతాయా? చర్చి పెద్దలు చూస్తే నన్నింక గంట కొట్టనిస్తారా?”

వంటకొట్టంలో విశ్వాసమ్మ పిండి పిసుకుతూ భర్త కేకలు వింటోంది. కోయిలకుంట్ల మిషను బడిలో నలభై మంది ఆడపిల్లలు ఉంటారు. పద్దెనిమిదేళ్లుగా వాళ్లకు జొన్నరొట్టెలు తట్టేది ఆమె ఒక్కతే. కరువులో తల్లిని పోగొట్టుకొని తొమ్మిదో ఏట ఈ బడికే వచ్చింది. చదువు అబ్బలేదు. రొట్టె మాత్రం ఏనాడూ అంచు పగల్లేదు.

సుందరం మద్రాసులో బొమ్మలు నేర్చి వచ్చిన డ్రాయింగు మాస్టరు. అక్కడి ప్రదర్శనకు పంపాలని ఆమె బొమ్మ మొదలుపెట్టాడు. మొదటిరోజు, “కాసేపు చెయ్యి కదపొద్దక్కా” అన్నాడు.

“నిలిపితే పగులుతాదప్పా. నువ్వు ఆగుతావు గానీ జొన్నపిండి ఆగుతాదా?” అందామె, తట్టడం ఆపకుండానే.

అతను తొమ్మిది రోజులు పొయ్యి పక్కన పొగలో కూర్చొని, కళ్లు తుడుచుకుంటూ ఆ చేతుల వెంట పడ్డాడు.

ఇప్పుడు ఏసేపు పోరు పడలేక సుందరం కుంచెను నల్లరంగులో ముంచాడు. రెండు చేతులు కప్పేస్తే గొడవ ఉండదు.

“ఉండప్పా.” విశ్వాసమ్మ చేతులు కడుక్కొని బయటికి వచ్చింది. తన బొమ్మను చూడడం అదే మొదటిసారి.

పట్టుచీర లేదు, పూలు లేవు. నుదుటికి అంటిన పిండి ఉంది. మోచేతి దాకా ఎగదోసుకున్న గాజులు ఉన్నాయి. వాటి కింద, ఎప్పుడో పెనం తగిలి కాలిన మచ్చ. దాన్ని ఇంకొకరు చూశారని ఆమెకు తెలియదు.

“ఇది తట్టే చెయ్యి,” అంటూ వేలు చూపింది. “ఇది తిప్పేది. ఇది పెనం మీద వేసేది. ఇదో, తడిగుడ్డ అద్దేది. శానా బాగా చూసినావప్పా.”

“మరి పెద్దలు?” ఏసేపు గొంతు తగ్గింది.

“రానీ. పొయ్యి కాడ కూర్చోబెట్టి చూపిస్తా.”

ఆమె సుందరం చేతిలోంచి కుంచె తీసుకొని నీళ్ల చెంబులో వేసింది.

“ఒక్క చెయ్యీ చెరపొద్దు. ఈ బొమ్మ ఇట్లే మద్రాసుకు పోతాది.”