పురుగుల రోజులు లెక్కపెట్టిన ప్రోగ్రాం

కుప్పంలో ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీకి ప్రోగ్రాములు రాస్తాను. పుంగనూరు పక్కన మా అక్క పట్టుపురుగులు పెంచుతుంది. నాలుగో జ్వరం నుంచి, అంటే నాలుగోసారి పొర విడిచి, లేచిన పురుగులు వారం రోజులు ఆకు తిని గూడు కట్టడానికి పండుతాయి. పండగానే చంద్రికలనే వెదురు తట్టల మీదికి ఎక్కించాలి. లేకపోతే ఆకుల్లోనే గూడు కట్టి పట్టు పాడవుతుంది. నెల కష్టం మదనపల్లె గూళ్ల మార్కెట్టుకు చేరేదీ లేనిదీ ఆ ఒక్క పూటతో తేలుతుంది.

ఆ రోజులు లెక్కపెట్టడానికి అక్కకు ఒక ప్రోగ్రాం రాసిచ్చాను, అడక్కపోయినా. నాకిష్టమైన భాషలో రాశాను. అందులో ఒక పేరుకు ఒకసారి విలువ ఇస్తే ఇక మారదు. ఆ నిలకడంటే నాకు గొప్ప మోజు. ఆదివారం అక్క ఫోనులో ఎక్కించి వచ్చాను.

ఆకు కోతల్లో పడి ఆమె దాన్ని మళ్లీ తెరిచింది గురువారం పొద్దున.

“నీ ప్రోగ్రాం ఇంకా ఆకు వెయ్యమంటాండాదప్పా. పురుగులు సూస్తే పండినట్టుండాయి. యాల?” అని ఫోను చేసింది.

నేను మీటింగులో ఉన్నాను. పైగా నా ప్రోగ్రాం మీద నాకు నమ్మకం. దాని లెక్క తప్పదు, ఇంకో పూట ఆకు వెయ్యమన్నాను.

మధ్యాహ్నం అన్నం తింటూ ఎందుకో ఆదివారంనాటి కాపీని తెరిచాను. ఇంకా మూడో రోజే అంటోంది. అది ఆదివారం నాటి లెక్క, గురువారానికి ఏడో రోజు కావాలి.

ఫైలు మొదట్లో ‘ఈరోజు’ అని పేరు పెట్టి, తేదీ చూసి అందులో ఉంచమని రాశాను. ఆ భాషలో అక్కడ రాసినదాని విలువ ప్రోగ్రాం నడిచేటప్పుడు తేలదు. కంపైల్ చేసేటప్పుడే, అంటే నేను రాసింది మిషన్‌కు తగ్గట్టు కట్టేటప్పుడే, తేలిపోయి లోపల ఉండిపోతుంది. కంపైల్ చేసింది ఆదివారం కాబట్టి దానికి ఎప్పటికీ ఆదివారమే. రాసేటప్పుడు పూటకు పదిసార్లు కంపైల్ చేసేవాణ్ణి గనుక నా దగ్గర తేదీ ఎప్పుడూ సరిగ్గానే కనిపించింది. అడిగిన ప్రతిసారీ తేదీ చూసే ఫంక్షన్‌గా ఆ పంక్తిని మార్చడం రెండు నిమిషాల పని. తప్పు తెలియగానే మార్చేశాను కూడా. పురుగులు మాత్రం నా కోసం ఆగవు కదా.

అక్కకు ఫోను చేసి, ఆకు వెయ్యొద్దు, తప్పు నాదేనన్నాను.

“నువ్వు సెప్పింది ఇన్నానప్పా. పురుగు సెప్పింది సేసినాను. పొద్దున్నే అన్నీ చంద్రికలకు ఎక్కించేస్తిమి” అంది.

అక్క నా మాట విననందుకు నేను సంతోషపడింది, పుట్టి బుద్ధెరిగాక అదొక్కసారే.