అమ్మ వాపసు తీసుకున్న సాక్ష్యం

డిగ్రీ పాసయ్యాను. అమ్మ వైపు, నాన్న వైపు కలిపి వెతికినా మా ఇళ్లలో మొదటి డిగ్రీ నాదే. ఫోన్‌లో ఫలితం చూసి, గల్లీలో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పి ఉరికి వచ్చేసరికి ఆయాసం వచ్చింది. అమ్మ నవ్వుతూనే నీలగిరి తైలం సీసా తీసి నా వీపుకు రాసింది. ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, పటేల్‌గూడలో మేము కిరాయికున్న గది, దాని వెనక రేకుల షెడ్డులో నడిచే మా ప్రార్థన మందిరం గుర్తొస్తాయి.

వానాకాలం ఆ రేకుల మీద చినుకు పడితే పాస్టరయ్య మాట వినిపించేది కాదు, పాట మాత్రం ఇంకా గట్టిగా లేచేది. ముసురు పట్టిన పొద్దుల్లో ఫ్యాక్టరీల పొగ కిందికి దిగి, ఆరేసిన బట్టలకు కూడా ఆ వాసన పట్టేది. క్రిస్మస్ దగ్గర పడితే మేము వెదురు పుల్లలకు రంగు కాగితాలు అంటించి నక్షత్రం చేసేవాళ్లం, ఆడవాళ్లు గుడ్డ పరిచి సకినాలు చుట్టేవాళ్లు, డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మగవాళ్లు చాపల మీద కూర్చునే కునుకు తీసేవాళ్లు. నేనూ, పక్కింటి సుగుణత్త కూతురు రూతూ తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. ఇద్దరికీ దమ్ము, అంటే ఉబ్బసం, ఉండేది కాబట్టి ఆట సగంలో ఆగిపోయి, గోడకు ఆనుకుని, మందు పంపు నోట్లో పెట్టుకుని పీల్చుకునేవాళ్లం.

ఆదివారం సాక్ష్యాలుండేవి. దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరు లేచి చెప్పాలి. ఒక వానాకాలం పాస్టరయ్య నూనె రాసి ప్రార్థన చేశాక నాకు కొన్నాళ్లు దమ్ము రాలేదు. అమ్మ లేచి, బిడ్డకు నయమైందని, పంపు ముట్టడమే లేదని చెప్పింది. షెడ్డంతా స్తోత్రాలు. ఆ తర్వాత నాకు ఆటలో మొదటి వంతు, ఎవరింటికి వెళ్లినా ఇంకో గారె దొరికాయి. నేనే ఒక అద్భుతం కావడం నాకు బాగానే నచ్చింది.

ఆ వారం మధ్యలోనే, పొగ దిగిన ఒక పొద్దున, దమ్ము మళ్లీ వచ్చింది. అమ్మ పంపు ఇచ్చింది కానీ బయట ఎవరికీ చెప్పలేదు. శనివారం నల్లా దగ్గర సుగుణత్త, అమ్మ సాక్ష్యం విన్నాక తాను కూడా రూతు పంపు పక్కన పెట్టేశానని సంతోషంగా చెప్పింది. అమ్మ బిందె అక్కడే వదిలేసి వాళ్లింటికి ఉరికింది. రూతు మంచం పట్టె పట్టుకుని, మాట రాక, భుజాలు ఎగరేస్తూ గాలి కోసం కొట్టుకుంటోంది. పంపు వెతికి ఆమె నోట్లో పెట్టింది అమ్మే.

తెల్లారి మందిరంలో అందరికంటే ముందు అమ్మ లేచింది.

"పోయిన వారం చెప్పిన సాక్ష్యం వాపసు తీసుకుంటున్న. చెప్పిననాడు అది నిజమే. నా బిడ్డకు మల్ల దమ్మొచ్చింది, నేను ఎవ్వలకు చెప్పకుంట దాసిన. ఆన్నుంచి అది అబద్ధమైంది."

అందరూ నా వైపు చూశారు. నేను అమ్మ కొంగు వెనక్కి జరిగాను. ముందు వరుసలో పెద్దాయన దానియేలు తాత ఊరుకోలేదు.

"ఏందే గిది? కొత్తగ వచ్చెటోళ్లు ఏమనుకుంటరు? దేవుని పేరు పోదా?"

"దేవుని పేరు నా అబద్ధం మీద నిలవడ్డదా తాతా? నా మాట ఇని పంపు పక్కకు వెడితె రూతు సచ్చేదుండె."

పాస్టరయ్య బైబిలు మూశాడు. "నేను గూడ కిష్టారెడ్డిపేట మందిరంల గిదే చెప్పొచ్చిన. ఇగ పోయి నేను గూడ వాపసు తీస్కోవాలె," అన్నాడు. తర్వాత నన్నూ రూతునూ ముందుకు పిలిచి, పంపులు మా చేతుల్లో ఉండగానే ప్రార్థన చేశాడు. ఆ పై ఆదివారాల్లో ఇంకొందరు లేచారు. తాగుడు మానేశానని ఎప్పుడో సాక్ష్యం చెప్పిన దానియేలు తాతే, మొన్న పెళ్లిలో జెర తాగానని ఒప్పుకున్నాడు. ముందు నవ్వింది ఆయన భార్యే. నిజం చెప్పేది దేవుని కోసమని అప్పటిదాకా అనుకునేదాన్ని. దేవుని పేరు మీద చెప్పిన మాటను పక్కవాళ్లు ప్రాణం పెట్టి నమ్ముతారని, అందుకే ఆయన నిజమే అడుగుతాడని ఆ షెడ్డులో తెలిసింది.

ఇప్పుడు షెడ్డు చోట అపార్ట్‌మెంట్ ఉంది. కొత్త మందిరంలో మైకు, పెద్ద తెర ఉన్నాయి. సాక్ష్యాలు ముందే ఫోన్‌లో రికార్డు చేసి పంపాలి. అందులో అందరికీ నయమవుతుంది, ఎవరికీ తిరగబెట్టదు. ఈ ఆదివారం సాక్ష్యం నాది. ఫలితం చూసిన వెంటనే, గల్లీలోకి ఉరకక ముందే, దేవుడు నన్ను పాస్ చేశాడని రికార్డు చేసి పెట్టుకున్నాను. అమ్మ అది విని, సీసాకు మూత పెడుతూ అంది:

"లెక్కలల్ల ఓపారి ఫెయిలై మల్ల రాసిన అని గూడ చెప్పు బిడ్డా. రూతు ఒక్క సబ్జెక్టు పోయిందని సదువు ఇడిసి ప్యాకింగ్ పనికి పోతనంటుందట. ఆమె గూడ ఇంటది."

రికార్డు చేసింది తీసేశాను. లెక్కల పేపరు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాను.