సుబ్బమ్మ కాలికి బావి గిలక

నా వైద్యం మీద గురి ఉన్నవాళ్ళు ఇది చదవకండి. చదివారంటే మీ ఇంట్లో ముసలివాళ్ళను నా గడప తొక్కనివ్వరు.

పంతొమ్మిదివందల యాభైల్లో మాట. డాక్టరు పట్టా చేతికి రాగానే రొంపిచెర్లలో బోర్డు కట్టాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డాక్టరు పొద్దే కాదు, ఎదుటివాళ్ళ మాట కూడా ఎరగడు.

ఓ పొద్దున వెంకయ్య అనే రైతు పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళమ్మ సుబ్బమ్మ గొడ్లచావిట్లో జారిపడి లేవలేకుండా ఉందట. వెళ్ళాను. నులకమంచం మీద ముసలామె మూలుగుతోంది. ఎడమకాలు పొట్టిగా ఉంది, పాదం బయటికి తిరిగి ఉంది. అచ్చం పుస్తకంలో బొమ్మే. సంతోషం పట్టలేకపోయాను, సిగ్గులేనివాణ్ణి.

"తుంటి ఎముక విరిగింది," అన్నాను.

"నొప్పి ఈపక్క నాయనా," అని ఆమె కుడి తుంటి చూపించింది.

"నొప్పి పాకుతుందవ్వా. నువ్వు మాట్లాడకు."

"ఆ ఎడంకాలు ముందు నుంచీ..." అని వెంకయ్య నోరు తెరిచాడు.

"ముందు సంగతులు తర్వాత."

"పోనీ గుంటూరు తీసకపోయి ఎముక ఫోటో తీయిద్దామా?"

"ఫోటో ఎందుకయ్యా, నాకు కళ్ళు లేవా?"

సుబ్బమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "శివరాత్రికి కోటప్పకొండ నడిచి ఎక్కుతానని మొక్కుకున్నానయ్యా. ఎక్కకుండానే పోతానేమో."

"బెంగపడకు. రెండు కాళ్ళూ సమంగా వచ్చేదాకా లాగుతాను. ఆ తర్వాత ఏ కొండైనా ఎక్కు," అన్నాను.

తల్లీకొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. ఇక నోరెత్తలేదు. అది నా మీద భక్తి అనుకున్నాను.

వాళ్ళ బావి గిలకే ఊడదీసి మంచం కోడుకు కట్టించాను. ఎడమకాలికి పట్టీ చుట్టి, దానికి తాడు కట్టి, గిలక మీదుగా చివర ఇటికెలు వేలాడదీశాను. ఆ ఇంటి కోడలు చేత్తో నీళ్ళు చేదుకుంటూ నన్ను తిట్టని పూట లేదు.

చూడబోయినప్పుడల్లా సుబ్బమ్మ ఒకటే అడిగేది. "సాగిందా నాయనా?"

"సాగుతోంది," అనేవాణ్ణి.

శివరాత్రి వచ్చింది. నాకు దిగులు పట్టుకుంది. ముసలి ఎముక అతకకపోతే మనిషి మంచానికే అంకితం. పాపం, ఆమె బదులు నేనే మొక్కు తీరుద్దామని కొండకు బయల్దేరాను. సగం మెట్లకే ఆయాసంతో కూలబడ్డాను. పైమెట్టు మీద ఎవరో ముసలామె, చేతికర్రతో, కుంటుకుంటూ పోతోంది. వెనక్కి తిరిగింది. సుబ్బమ్మ.

"కాలు విరిగినదానివి ఎట్లా ఎక్కావు?" అన్నాను.

"విరిగిందని నువ్వన్నావు, నేనన్నానా? ఎడంకాలు చిన్నప్పుడు గడ్డివాము మీంచి పడి విరిగింది. అప్పట్నుంచీ పొట్టిదే. మొన్న దెబ్బ తగిలింది కుడిపక్క. కాపడం పెడితే తగ్గిపోయింది. ఇవాళ మొక్కు రోజని పొద్దున్నే నీ పట్టీ విప్పేసి వచ్చా."

"మరి ఇన్నాళ్ళూ ఇటికెలు కట్టించుకుని ఎందుకు పడుకున్నావు?"

"సమంగా లాగుతానంటివి కదయ్యా. కొత్త చదువు, చేస్తాడేమోలే అనుకున్నా," అని పొట్టికాలు చాపి చూసుకుంది. "అంగుళం కూడా సాగలా. నువ్వు ఇటికెల దగ్గర పీనాసితనం చేశావు." జాలిపడి చేయందించింది. "లే నాయనా, నా కర్ర పట్టుకో."

ఆ కర్ర పట్టుకునే కొండెక్కి, కోటయ్య ముందు చెంపలేసుకుని ఒట్టు పెట్టుకున్నాను. స్వామీ, ఇక ఏ ముసలమ్మ పడినా ముందు నా నోటికి పట్టీ కడతాను, ఆ తర్వాతే ఆమె కాలికి.